కనుబొమ్మలున్న ఎలుకలు

ధూల్‌పేట్,
సెప్టెంబర్ 20, 2025

ప్రియమైన వహీద్ భాయ్,

ఈ ఉత్తరం రాయొద్దనే అనుకున్న. రెండుసార్లు కాయితం తీసిన, రెండుసార్లు మడిచి దిండు కింద పెట్టిన. బద్ధకం అనుకోకు. అడగాల్సింది అడిగినంక నువ్వు గూడ "లేదు" అంటే, ఇగ అడగడానికి నాకు ఇంకో మనిషి మిగలడు. గందుకే. మూడోసారి కాయితం తీస్తే పక్కనే పెన్ను గూడ దొరికింది. సరే, తప్పదనుకొని కూసున్న.

ఫోన్ ఎందుకు చెయ్యలే అంటవా? ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సు ఇంజన్ పక్కన కూసున్న చెవులివి. ఫోన్ల నువ్వు ఏం మాట్లాడినా నాకు ఫుల్ లోడుతోని ఎత్తు ఎక్కుతున్న బస్సే వినబడ్తది. ఉత్తరం నయం, అరవదు.

చదువంటవా, ఐదో తరగతిల బడి నన్ను ఇడిసిపెట్టింది. తర్వాత నేను చదివిందంత కార్వాన్‌ల మీ అబ్బా బేకరీల బిస్కెట్లు కట్టిచ్చిన పాత పేపర్ల మీద. గందుకే నాకు ఇప్పటికీ ఏ వార్త చివరిదాక తెల్వదు. కాయితం యాడ చినిగితే ప్రపంచం ఆడికే ఖతం. నా ముచ్చట్లు గూడ గట్లనే పక్కదార్లు పడ్తయని మా బిడ్డ స్వీటీ అంటుండె. ఇప్పుడు అంటలేదు. ఏమీ అంటలేదు. అసలు సంగతి గదే.

పోయిన నవంబర్ నాలుగున అమ్మ పోతే నిజామాబాద్ నుంచి ఉరికొచ్చినవ్, పాడె మోసినవ్, బిడ్డ దగ్గరికి ఎల్లిపోయినవ్. తర్వాత జరిగింది నీకు తెల్వది. అమ్మ ఆఖరికి చేసిన మట్టి ఎలుకలు రెండు అప్పుడు కిటికీల ఆరుతున్నయి. ఒకదానికి ఇంకా తోక అంటలే. పదోదినం అస్థికలు కలపడానికి పోయేటప్పుడు నేను ఆ రెండిటిని గూడ చేతుల పట్టుకపోయి నీళ్లల్ల ఇడిసిన. తప్పా? "నా చేతిది నీళ్లకే పోవాలె" అని జన్మంత అన్నది ఆమెనే గద. ధర్మం చేసిన్ననుకున్న. స్వీటీ ల్యాబ్ డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీ కిటికీ చూసి, నా మొఖం చూసింది. ఇగ ఆ దినం నుంచి "తిన్నవా", "గోలి ఏసుకున్నవా", గంతే. "బాపు" అని పిలిచి పది నెల్లయింది భాయ్.

అమ్మ ఎలుకల సంగతి నీకు తెల్సిందే. ఐనా రాస్త. రాస్తుంటే ఆమె ఎదురుంగ కూసున్నట్టుంటది.

మా నాయిన పోయినంక అమ్మ, గణపతులు చేసే రామ్‌చందర్ వాళ్ల నాయిన కార్ఖానాల మట్టి తొక్కుడు పనికి కుదిరింది. గణపతుల్ని చేసుడు మగోళ్ల పని. ఒక ఏడు ఆఖరి దినం గిరాకీ వాకిట్ల నిలబడ్డడు, గణపతి తయారు, ఎలుక లేదు. ఎలుకను ఎవరు యాది పెట్టుకుంటరు? "ఓ ఆగమ్మా, ఏదన్న ఒకటి పిసికి పెట్టు" అన్నరట. పిసికింది. ఆ పిసుకుడు అరవై ఏండ్లు నడిచింది. మగోళ్లు నిచ్చెనలెక్కి పదిహేను ఫీట్ల దేవుని లేపుతుంటే, ఈమె కింద గోనెసంచి మీద కూసొని, జానెడు ఎలుకతోని మొఖంల మొఖం పెట్టి లొల్లి. అచ్చులొచ్చినయి, పీవోపీ వచ్చింది, ఆమె ముట్టలే.

ఆ కనుబొమ్మలు! "ఎలుకకు కనుబొమ్మలేందే అమ్మా, నవ్విపోతరు" అంటే ఏమన్నదో తెల్సా? "మనిషి కండ్లల్ల ఉండడుర శివయ్యా. కండ్ల మీద ఉంటడు." ప్రతి ఎలుకా గల్లీల ఎవరో ఒకరు. పాలాయన, కొత్తగొచ్చిన కోడలు, ఆడోళ్లకు భయపడే హెడ్ కానిస్టేబులు. కొనుక్కపోయినోళ్లకు తెల్వదు, మొక్కినోళ్లకు తెల్వదు. ఆమెకు తెల్సు, నాకు తెల్సు. పదకొండు దినాలు మొక్కులందుకొని, గల్లీ మొత్తం నీళ్లల్ల కలిసిపోతుండె. మళ్ల ఏడు మళ్ల మొదటి నుంచి.

నా భార్య నాగమణమ్మ పోయినప్పుడు స్వీటీకి నాలుగేండ్లు. పెంచింది అమ్మనే. ఒక చేయి మట్టిల, ఒక చేయి బువ్వల. మట్టిచేతితోనే జడ అల్లేది. బడికి పోయేసరికి రిబ్బను ఎండి కట్టె లెక్క నిలబడేది. "నీ నెత్తి మీద ఏరియల్ ఉన్నదే" అని టీచర్లు నవ్వేటోళ్లట.

ఇప్పుడు అమ్మ ఏడాది దినం దగ్గరపడ్డది. స్వీటీ ఒక్కటే మాట చెప్పింది, అది గూడ గోడను చూసి: "ఫోటో ముందల నానమ్మ చేతిది ఒక్కటన్న లేకుంటే నేను కూసోను." అరవై ఏండ్లు, వేల ఎలుకలు, అన్నీ నీళ్లపాలు. మిగిలిన రెంటిని నేనే ముంచిన.

నీ దగ్గర ఒక్కటన్న ఉన్నదా భాయ్? ఇరిగింది గూడ ఫరవాలేదు.

నీ సగం కనుబొమ్మను అడిగిన్నని చెప్పు.

నీ
శివయ్య


నిజామాబాద్,
సెప్టెంబర్ 30

ప్రియమైన శివా,

సలాం. నీ ఉత్తరం మహీన్ తెచ్చిచ్చింది. "అబ్బా, మీకు లెటర్! స్టాంపు గూడ ఉన్నది!" అని ఇంటిల్లిపాదినీ పిలిచి చూపెట్టింది. అంత పెద్ద బిడ్డ, స్కూల్ల పాఠాలు చెప్తది, ఉత్తరం చూసి చిన్నపిల్ల లెక్క ఎగిరింది.

నా దగ్గర ఎలుక లేదు. ముందుగాల గా మాట రాస్తున్న, నువ్వు చివరిదాక ఆశతోని చదవొద్దని.

నీ లెక్క కథలు చెప్పుడు నాకు రాదు. ఒక్కటి చెప్త. మా అమ్మీ కుబ్రా మంచం పట్టినప్పుడు ఆగమ్మ అమ్మ రోజూ పని ఇడిసినంక వచ్చి, కాళ్ల దగ్గర కూసునేది. ఈమెకు ఉర్దూ అంతంతే, ఆమెకు తెలుగు అంతంతే. గంటసేపు ఏం మాట్లాడుకునేటోళ్లో అల్లాకే ఎరుక. అమ్మీ పోయిన ఏడు, నిమజ్జనానికి పోతున్న లారీ మా బేకరీ ముందల ఆగింది. నేను ఊరికెనే చూసిన. గణపతి కాళ్లకాడ అమ్మీ ఉన్నది. ఎడమ కనుబొమ్మ కొంచెం మీదికి, "అన్నం తిన్నవా" అని అడగబోతున్నట్టు. లారీ కదిలింది. నేను చేతుల పిండితోనే అఫ్జల్‌గంజ్ దాక లారీ ఎంబడి నడిచిన. ఎందుకు నడుస్తున్నవని ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె? ఎలుక మా అమ్మ అని చెప్పాల్నా?

ఎన్నడూ ఎవరికీ చెప్పలే. నీకు గూడ.

రామ్‌చందర్‌ను అడుగు. ఫోటోలు ఎతుకు. మండపాల ఫోటోలు ఎవరో ఒకరి ఇంట్ల ఉంటయి.

నా కనుబొమ్మ సంగతి ఎందుకు ఎత్తినవ్? ఆ వానల సంవత్సరం యాదికొచ్చింది. ఇంకో మాట ఉన్నది శివా, కానీ ఇప్పుడు రాయలేను. చేయి నొస్తున్నది.

స్వీటీకి దువా.

నీ
వహీద్


ధూల్‌పేట్,
అక్టోబర్ 11

ప్రియమైన వహీద్ భాయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. లారీ ఎంబడి నడిచిన ముచ్చట చదివి, అద్దాలు తుడుసుకున్న, మళ్ల చదివిన. మనిద్దరం యాభై ఏండ్లు ఒకే చాయ్ రెండు కప్పులల్ల తాగినం, గీ మాట నువ్వు కడుపుల పెట్టుకున్నవ్. గట్టోనివే.

రామ్‌చందర్ దగ్గరికి పోయిన. పాపం, మొత్తం షెడ్డు తీసి చూపెట్టిండు. ఎలుకలు రెండు వందలున్నయి, అన్నీ పీవోపీవి, ఒక్క అచ్చుల పోసినయి. ఒక్క తల్లి పిల్లలు గూడ గట్ల ఉండరు. "కాకా, ఆగమ్మవ్వ ఎలుక ఒక్కటన్న దాచిపెట్టాలెనని మాకు తట్టనే లేదు. మళ్ల ఏడు మళ్ల చేస్తది గద అనుకున్నం" అన్నడు. నిజమే. నల్లా కింద నీళ్లు ఎవరు దాచిపెట్టుకుంటరు?

ఫోటోలు ఎతికిన. అరవై ఏండ్ల మండపాలు చూసిన భాయ్. ఒక్కదాంట్ల గూడ ఎలుక లేదు! గణపతి ఉంటడు, లీడర్లుంటరు, లీడర్ల ఎనక లీడర్లుంటరు, ఎలుక ఉన్నకాడ కొబ్బరికాయల కుప్ప. ఒకే ఒక్క ఫోటోల, బంతిపూల దండ కిందికెల్లి తోక బయటికొచ్చింది. వంపు అమ్మదే. స్వీటీకి చూపెట్టిన. మస్తుసేపు చూసింది. "తోక" అన్నది. లోపలికి పోయింది. నాకైతే అది గూడ పండుగే, "గోలి ఏసుకున్నవా" కాకుండ ఇంకో మాట.

నువ్వే ఎత్తినవ్ గనక ఆ వానల సంవత్సరం ముచ్చట. ఎనభై మూడు. పండుగ నాలుగు దినాలున్నది, ఎండ లేదు, నలభై ఎలుకలు పచ్చిగ మెత్తగ ఉన్నయి. అమ్మ తట్టల పెట్టి, మీద గోనె కప్పి, నెత్తిన పెట్టుకొని మీ బేకరీకొచ్చింది. "భట్టీ మీద పెట్టు వహీదూ, ఎచ్చదనానికి ఆరుతయి" అన్నది. నువ్వేం చేసినవ్? కప్పు కారుతున్నదని, ప్రేమ ఎక్కువై, సల్లారిన భట్టీ లోపలికి జరిపినవ్. మంచిదే. తెల్లారి లేసి, లోపల ఎలుకలున్నయని మర్చి, కట్టెలేసి మంట పెట్టినవ్! యాదికొచ్చి తలుపు గుంజితే మంట మొఖం మీదికొచ్చింది. సగం కనుబొమ్మ ఆడనే పోయింది.

అమ్మ వచ్చి చూసింది. ఎలుకలు ఎర్రగ కాలి, తడితే గంట లెక్క మోగుతున్నయి. నువ్వు ఏడుస్తున్నవ్. అమ్మ అన్నది: "అరె వహీదూ, పావ్ కాల్చమంటే పచ్చిగ ఉంచుతవ్, ఎలుకల్ని మాత్రం మంచిగ కాల్చినవ్ గదరా!"

తర్వాత నీ మొఖానికి ఎన్న రాసుకుంట చెప్పింది. "కరగనిది దేవుని ముందల పెడ్తే, దేవుడు ఎనకకు పోవుడెట్ల? పలగ్గొట్టి మూసీల పారెయ్యి."

అదే దినం ఆమె మళ్ల నలభై చేసింది. నేను డ్యూటీ ఎగ్గొట్టి చూసుకుంట కూసున్న. అవే మొఖాలు చేస్తదనుకున్న. ఒక్కటి గూడ మళ్ల చెయ్యలే. ఇంకో నలభై మంది! "వాండ్లు ఒకసారి కాలిన్రు గదరా, మళ్లెందుకు సతాయించాలె" అన్నది. నలభై బొమ్మలు కాదు, నలభై మంది భాయ్. మట్టి ఆమె చేతులల్లకు వచ్చేది, ఎవరో ఒకరై దిగిపోయేది. నేను మస్తు దూరాలు బస్సు నడిపిన, శ్రీశైలం ఘాట్ చూసిన, గంత పెద్ద వింత యాడ చూడలే.

ఒక్కటే ఆలోచన రాత్రింబవళ్లు తింటున్నది. ఆ నలభై ఉంటేనా! నువ్వు నిజంగ పలగ్గొట్టినవా? ఇదేం అడుగుడు, పలగ్గొట్టే ఉంటవ్. అమ్మ మాట నువ్వెన్నడు దాటినవ్?

నీ
శివయ్య


నిజామాబాద్,
అక్టోబర్ 24

ప్రియమైన శివా,

దాటిన. ఒక్కసారి దాటిన.

సుత్తె పట్టుకొని కూసున్న. మొదటి ఎలుకను తీసిన. నాగమణమ్మ వదినె. అప్పటికి మీ పెండ్లయి రెండు నెల్లు. ముక్కుపుడక గూడ పెట్టింది అమ్మ, గోటితోని చుక్క. నా చేయి లేవలే. రెండోది తీసిన, మీ పక్కింటి ముసలాయన. ఎట్ల కొడ్తరు శివా? సుత్తె పక్కకు పెట్టిన.

ఆ నెలల్నే మా భట్టీ గచ్చు కొత్తగ వేస్తున్నరు. వేడి నిలబడాలెనని గచ్చు పెంకుల కింద ఉప్పు, ఇసుక, గాజుపెంకులు పోస్తరు. ఆ గుంతల ఒక్కొక్కటి పేర్చిన. నలభై. మీద ఇసుక కప్పిన. మరునాడు మేస్త్రీ పెంకులు పరిచిండు. "పారేసినవారా?" అని అమ్మ అడిగితే, "పారేసిన అమ్మా" అని ఆమె మొఖం చూడకుండ చెప్పిన. అబ్బా ఒక్కడే చూసిండు.

ఇరవై ఏండ్లు ఆ భట్టీ ముందల నిలబడి రొట్టెలు తోసిన. ప్రతి రొట్టె వాళ్ల నెత్తి మీదికెల్లి పోయింది. ఆమె జన్మంత నాతోని నిజమే మాట్లాడింది, నేను ఒక్క అబద్ధంతోని నలభై రెండేండ్లు ఉన్న. ఆమె బతికున్నప్పుడు చెప్పాల్సింది. పాడె మోసేటప్పుడు గూడ నోటిదాక వచ్చింది. "లేదు" అని మొన్న నీకు రాసినప్పుడు చేయి నొయ్యలే, సిగ్గయింది.

ఇప్పుడు చెప్పక తప్పదు. మా తమ్ముని కొడుకు తబ్రేజ్ కరెంటు ఓవెన్ తెస్తున్నడు. వచ్చే నెల రెండున, ఆదివారం, భట్టీ పలగ్గొడ్తరు. ఫోన్ చేసి చెప్పిన. "తాయా, కింద ఏమున్నది, సోనానా?" అన్నడు. "సోనా అయితే చెప్తనారా నీకు" అన్న.

నా మోకాళ్లు రానిస్తలేవు. నువ్వు పో. స్వీటీని తీస్కపో. ఉన్నయో, పొడి అయినయో నాకు తెల్వదు. ఏదైనా ఉన్నదున్నట్టు రాయి.

మాఫ్ చెయ్యి.

వహీద్


ధూల్‌పేట్,
నవంబర్ 6

ప్రియమైన వహీద్,

భాయ్ గీయ్ అంటలేను ఈసారి. ఎందుకో చివరిదాక చదువు.

నీ ఉత్తరం చదివి, కాయితమే స్వీటీ చేతుల పెట్టిన. నిలబడే చదివింది. ఆదివారం పొద్దున చూస్తే, నాకంటె ముందే చెప్పులేసుకొని వాకిట్ల ఉన్నది.

తబ్రేజ్ మంచి పిల్లగాడు. గడ్డపార కూలోళ్లకు ఇయ్యలే, తనే పట్టిండు. మొదటి పెంకు లేపంగనే పాత మసి వాసన, ఏలకుల వాసన. నేను ఎనకకు జరిగిన. నిజం చెప్త, భయమైంది. ఏం లేకుంటే ఆ పిల్ల మొఖం ఎట్ల చూడాలె?

పెంకు కింద, ఇసుక మీదనే, ఒక్కటే ఎలుక కూసొని ఉన్నది. తబ్రేజ్ అన్నడు, "తాయా ఇసుక కింద అన్నడు గద, ఇదేంది మీదున్నది?" నేనూ గదే అనుకున్న. దాన్ని పక్కకు పెట్టి ఇసుక తీసినం. ఉన్నయి వహీద్. ఉన్నయి. నువ్వు పేర్చినట్టే, వరుసల. గాజు కరిగి కొన్నిటి కాళ్లకు అంటుకున్నది, మెరుస్తున్నది. ఒక్కొక్కటి తీసుకుంట స్వీటీ చున్నీ మీద పెట్టింది. నేను పేర్లు చెప్పుకుంట పోయిన. పాలాయన. రామ్‌చందర్ వాళ్ల నాయిన, మీసాలతోని. హెడ్ కానిస్టేబులు. పోయిన మనుషులు, గల్లీల జనం వాళ్ల పేర్లు గూడ మర్చిపోయిన్రు, కండ్లమీద కనుబొమ్మలేసుకొని నా వంక చూస్తున్నరు. తబ్రేజ్ టోపీ తీసి చేతుల పట్టుకున్నడు, ఎందుకో వానికీ తెల్వదు.

ఒకదాన్ని స్వీటీ పట్టుకొని ఇడుస్తలేదు. ఆ ఎలుక మెడ కొంచెం పక్కకు వంచి ఉన్నది, ముక్కు మీద చుక్క. "ఇది నేను గద?" అన్నది.

"నువ్వు అప్పటికి పుట్టలేవు బిడ్డా" అన్న.

అర్థమైంది పిల్లకు. నాలుగేండ్లప్పుడు పోయిన తల్లి. ఫోటోల బొమ్మ లెక్క నిటారుగ నిలబడ్డ తల్లే తెల్సు దానికి. మెడ వంచి చూసే తల్లిని ఇప్పుడే చూసింది. ఆడనే ఇసుకల కూలబడి, "బాపు" అన్నది.

నేనింకేం రాయను దాని గురించి.

లెక్కపెట్టినం. నలభై కావాలె. నలభై ఒకటి ఉన్నయి. తబ్రేజ్ మళ్ల లెక్కపెట్టిండు. నలభై ఒకటే. అప్పుడు యాదికొచ్చి, ఇసుక మీద ఒంటరిగ కూసున్నదాన్ని తెచ్చి మసి తుడిచిన.

పెద్ద చెవులు. రొట్టెలు తోసే పొడుగు కట్టె ఒకటి సంకల పట్టుకున్నది. కుడి కనుబొమ్మ నిండుగ ఉన్నది. ఎడమది సగమే.

వహీద్, నీ కనుబొమ్మ కాలినంక గాని ఆ ఎలుకను ఎవరూ చెయ్యలేరు. నువ్వు ఇసుక కప్పి పోయినంక, మేస్త్రీ పెంకులు పరవకముందే, అమ్మ వచ్చింది. మీ అబ్బానే చెప్పి ఉంటడు. నువ్వు "పారేసిన అమ్మా" అన్నప్పుడు ఆమెకు తెల్సు. నువ్వు నలభై రెండేండ్లు సిగ్గుపడ్డవ్, ఆమె బతికినన్ని ఏండ్లు ఈ ముచ్చట అందరికి చెప్పి, "పాపం వహీదు అన్ని పలగ్గొట్టిండు" అనంగనే నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. నీ కాలిన మొఖం యాదికొచ్చి నవ్వుతున్నదనుకున్న. నేనెంత పిచ్చోన్నో చూడు. జన్మంత నీళ్లకే చేసిన మనిషి, ఒక్కదాన్ని, ఒక్కటంటే ఒక్కదాన్ని, చేతులార నిప్పుకు పెట్టింది. అది నీది. నాది గూడ కాదు. గందుకే ఈసారి భాయ్ అనలే, కొంచెం కుళ్లుగనే ఉన్నది, ఇగ ఏం చేస్తం.

నాలుగున ఏడాది చేసినం. ఫోటో ముందల నలభై ఒక్కటి. గల్లీల మాట పాకి, జనం వచ్చి వాళ్ల వాళ్లను ఎతుక్కున్నరు. రామ్‌చందర్ వాళ్ల నాయిన ఎలుకను పట్టుకొని, అరుగు మీదనే కూసున్నడు. ఎవరి ఎలుకను వాళ్లకే ఇచ్చేద్దామని స్వీటీ అన్నది. నాగమణమ్మను మాత్రం ఇయ్యదు.

మిగిలింది నీది. మిగతా నలభై మంటల కాలినయి. నీది పచ్చిమట్టితోనే పెంకు కింద పెట్టింది, రొట్టెల వేడికి ఏమైందో, లోపల మట్టిగనే ఉన్నదో, ఎవరికీ తెల్వదు. మధ్యాహ్నం అందరు పోయినంక స్వీటీ బకెట్ల నీళ్లు పట్టుకొచ్చి వాకిట్ల పెట్టింది.

"నానమ్మ రూలు నానమ్మదే బాపు. ఒకసారి నీళ్లకు ఇద్దాం. తీసుకుంటే తీసుకుంటది."

"వద్దు బిడ్డా, వహీద్‌ది" అన్న.

"నువ్వు అప్పుడు ఒక్కనివే పోయినవ్. ఇప్పుడు ఇద్దరం ఉన్నం" అన్నది.

స్వీటీనే ఎలుకను నీళ్లల్ల ఇడిసింది. బుడగలు లేసినయి. ఆగినయి. రెండు కుర్చీలేసుకొని కూసున్నం. ఒకసారి చాయ్ తాగినం. పొద్దుగూకింది. నీళ్లు తేటగనే ఉన్నయి. స్వీటీ ఎలుకను తీసి, చున్నీతోని తుడిచి, కిటికీల పెట్టింది. నేను ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసిన.

నీ
శివయ్య